ఖరగ్‌పూర్ మావయ్య కేకు కోసం కలకత్తాలో నాలుగు రోజులు

మా చిన్నప్పుడు సంక్రాంతికి ఖరగ్‌పూర్ నుంచి మావయ్య వచ్చేవాడు. ఆయన ట్రంకు పెట్టెలో, చొక్కాల అడుగున, తుండుగుడ్డలో చుట్టిన కేకు ఒకటి ఉండేది. నల్లగా, ఇటుకంత బరువుగా. అరిసెలూ జంతికలూ తిని విసుగెత్తిన పిల్లలం దాని మీద పడిపోయేవాళ్ళం. అమ్మ చాకుని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, వేలి మందాన ముక్కలు కోసేది, మనిషికి ఒకటే. క్రిస్మస్‌కి చేసిన కేకు మూడు వారాలైనా పాడవకుండా ఎలా ఉండేదో అప్పుడు ఎవరమూ ఆలోచించలేదు. ఇప్పుడు నాకు ఆ ఆలోచనే. 12 ఏళ్ళుగా వైజాగ్‌లో ఇంటి దగ్గరే కేకులు చేసి అమ్ముతున్నాను, ప్రతి డిసెంబర్‌లోనూ ఆ కేకు చేద్దామని కూర్చుంటాను, ప్రతిసారీ ఏదో ఒకటి తక్కువవుతుంది.

అందుకని ఈ జనవరి చివర్లో, ఆర్డర్లు కాస్త తగ్గాక, చెల్లిని వెంటబెట్టుకుని కలకత్తా వెళ్ళాను. కాళీఘాట్, విక్టోరియా మెమోరియల్ మళ్ళీ ఎప్పుడైనా చూడొచ్చు, ఈసారి టీ కొట్లు, కేకు కొట్లు మాత్రమే అని ముందే అనుకున్నాం. చెల్లి తీపి తినదు, టీ మాత్రం ఎన్నిసార్లయినా తాగుతుంది, కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

మొదటి రోజు

కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పొద్దున్న షాలిమార్ స్టేషన్‌లో దింపింది. పసుపు రంగు టాక్సీ ఎక్కి, కొత్త వంతెన మీదుగా హుగ్లీ దాటి, న్యూ మార్కెట్ దగ్గర లాడ్జిలో సామాను పడేసి, మొహం కడుక్కుని రోడ్డు మీదకి వచ్చేశాం. సందు మొదట్లోనే టీ బండి. బొగ్గుల కుంపటి మీద కెటిల్, పక్కన పేర్చిన మట్టి కప్పులు. వాటిని అక్కడ భాఁడ్ అంటారు, మన భాండం అనే మాటే. చిన్నవి, నాలుగైదు గుక్కల్లో అయిపోతుంది. కానీ ఆ మొదటి గుక్కలో టీ కంటే ముందు మట్టి వాసన తగులుతుంది, ఎండిన నేల మీద తొలి చినుకులు పడ్డప్పటి వాసన. కాల్చిన మట్టి కాబట్టి అంచు కాస్త గరుగ్గా పెదవికి తగులుతుంది, వేడి మన గాజు గ్లాసులాగా చెయ్యి కాల్చదు. తాగేసి పక్కన బుట్టలో పడేస్తే టప్పున పగులుతుంది. నాకు పడెయ్యబుద్ధి కాలేదు, ఒకటి కడిగి సంచీలో పెట్టుకున్నాను.

టీ అడిగితే ఏ టీ అని అడుగుతారు. దూధ్ చా అంటే పాల టీ. లికర్ చా అంటే పాలు లేనిది. లేబు చా అంటే నిమ్మకాయ పిండి, నల్ల ఉప్పు పొడి చల్లి ఇచ్చేది, దాన్ని తాగితే రాత్రంతా రైల్లో కూర్చున్న కడుపు ఒక్కసారి తేలికపడింది. చెల్లి ఆ నాలుగు రోజులూ ఇంక వేరేది తాగలేదు.

బండి మీద గాజు సీసాల్లో బిస్కెట్లు. ఒకటి లేడో, చాలా గట్టిది, టీలో ముంచితేగాని పళ్ళకి లొంగదు. రెండోది ప్రజాపతి, బెంగాలీలో సీతాకోకచిలుక అని. రెండు రెక్కలు విప్పినట్టు ఉంటుంది, పైన పంచదార కాలి అద్దంలా మెరుస్తుంది. నేను దాన్ని విరిచి పొరలు చూశాను. ఎగ్ పఫ్‌కి మనం చేసే పిండే ఇది, మైదాని కొవ్వుతో మడతలు పెట్టి పెట్టి వత్తి, ఇటు నుంచీ అటు నుంచీ చుట్టి, అడ్డంగా కోసి కాలుస్తారు. ఫ్రెంచి వాళ్ళ బేకరీల్లో ఇదే బిస్కెట్‌ని పామియే అంటారు, గొప్ప పనితనంగా చెప్పుకుంటారు. ఇక్కడ రోడ్డు పక్క సీసాలో ఉంది, కొన్ని రూపాయలే. ఇంత పని తెలిసిన చేతులు ఈ ఊళ్ళో సందుకొకటి ఉన్నాయన్నమాట, అది చూసి నాకు చాలా సంతోషమేసింది.

సాయంత్రం కాలేజ్ స్ట్రీట్. పుస్తకాల దుకాణాలు దాటి సూర్యసేన్ స్ట్రీట్‌లో ఫేవరెట్ క్యాబిన్ అని ఒక పాత టీ కొట్టు ఉంది, 1918లో చిట్టగాంగ్ నుంచి వచ్చిన బారువా అన్నదమ్ములు పెట్టింది. బారువాలు బౌద్ధులు, తెల్లవాళ్ళ ఇళ్ళలో వంటవాళ్ళుగా ఆ ప్రాంతం వాళ్ళకి పెద్ద పేరు, కేకులూ కట్లెట్లూ కలకత్తా నాలుకకి అలవాటు చేసినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. లోపల పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు. టీ, టోస్ట్, ఇంచుమించు అంతే. టోస్ట్ మీద వెన్న రాశాక పంచదారా, మిరియాల పొడా అని అడుగుతారు. నేను మిరియాలు అన్నాను. మందపాటి బ్రెడ్, పైన కరకర, మధ్యలో మెత్తన, కరుగుతున్న వెన్న మీద అప్పుడే చల్లిన మిరియం. ఇది ఇంటికి తీసుకెళ్ళాల్సిన రుచి అని అప్పుడే అనుకున్నాను, వచ్చాక రెండు రోజులకోసారి చేస్తూనే ఉన్నాను.

పక్క బల్ల దగ్గర నలుగురు పెద్దాయనలు, మేం వెళ్ళేటప్పటికే ఉన్నారు, మేం వచ్చేటప్పుడూ ఉన్నారు, బల్ల మీద ఖాళీ కప్పులు తప్ప ఏమీ లేవు, లేవమని అడిగినవాళ్ళు లేరు. అక్కడ దీన్ని అడ్డా అంటారు. మన దగ్గర అడ్డా అంటే కూలీలు పొద్దున్నే వచ్చి నిలబడే చోటు, లేదా నలుగురు చేరే చోటు. వాళ్ళకి అడ్డా అంటే ఆ కబుర్లే. మన టీ కొట్లలో బల్లలు తీసేసి నిలబెట్టి తాగించడం ఎక్కువైపోయింది, మా ఇంటి దగ్గర ఉన్న రెండు కొట్లలోనూ కుర్చీ లేదు, దాని బాధ నాకు అక్కడ కూర్చున్నప్పుడు బాగా తెలిసింది.

ఎదురు వీధిలో కాఫీ హౌస్‌కీ వెళ్ళాం. జనం, పొగ, చప్పుడు, ఎత్తయిన పైకప్పు. కాఫీ కాబట్టి ఇక్కడ ఎక్కువ రాయను.

రెండో రోజు

పొద్దున్నే పార్క్ స్ట్రీట్, ఫ్లరీస్. 1927లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫ్లరీ దంపతులు పెట్టిన టీ రూమ్. పెద్ద పెద్ద అద్దాల పక్కన బల్లలు, వీధి మొత్తం కనిపిస్తుంది. టీ పింగాణీ కుండలో వస్తుంది, పాలు వేరే గిన్నెలో. మా పక్కన మూడు తరాల ఆడవాళ్ళు ఒకే బల్ల దగ్గర, అమ్మమ్మకి ఏం కావాలో వెయిటర్‌కి ముందే తెలుసు, అడక్కుండా తెచ్చాడు. నేను రమ్ బాల్ తీసుకున్నాను. చాక్లెట్ పూత పల్చగా, లోపల తడిగా, బరువుగా, రమ్ వాసన ముక్కు దాకా వచ్చి ఆగేంతే. ఈ పని చేసేవాళ్ళకి తెలుస్తుంది, రమ్ బాల్ అసలు పుట్టింది మిగిలిన కేకు ముక్కల్ని పారెయ్యకుండా వాడుకోవడానికి. తడి ఎక్కువైతే ముద్దవుతుంది, తక్కువైతే గొంతు పట్టేస్తుంది. ఇది సరిగ్గా కుదిరింది. ధర ఎక్కువే, ఆ గంటన్నర కూర్చోవడానికి ఇచ్చామనుకుంటే సరిపోతుంది.

తరవాత న్యూ మార్కెట్. 1874లో తెరిచిన ఎర్ర ఇటుకల బజారు, లోపల దారి తప్పకుండా తిరగడం కష్టం. గాజుల కొట్లు, సూట్‌కేసులు, ఎండు చేపల వాసన, ఒక మలుపు తిరిగేసరికి ఉన్నట్టుండి వెన్న కాలిన వాసన. అదే నాహూమ్స్.

ఇక్కడికి రావాలనే ఇన్నేళ్ళు అనుకున్నది. బాగ్దాద్ నుంచి వచ్చిన యూదుల కుటుంబం 1902లో మొదలుపెట్టిన బేకరీ. మొదట్లో ఇంటింటికీ తిరిగి అమ్మారట. ఒకప్పుడు కలకత్తాలో కొన్ని వేల మంది యూదులు ఉండేవాళ్ళు, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. కానీ ఈ కొట్టు ఉంది. టేకు చెక్క అరలు, అద్దాల బీరువాలు, వాటి వెనక ట్రేల మీద సాదాసీదాగా సర్దిన కేకులు, ఐసింగ్ పువ్వులూ రంగులూ ఏమీ లేవు. యూదుల కొట్టు, బేకరీ పనిలో తరతరాలుగా ముస్లింలు, కొనేది క్రిస్మస్‌కి క్రైస్తవులు, మిగతా ఏడాదంతా అందరూ.

నేను ముందు చీజ్ సంబుసక్ తిన్నాను. పేరు వినగానే సమోసా గుర్తొచ్చింది కదా, రెండూ చుట్టాలే, మన హైదరాబాద్ లుఖ్మీ కూడా ఆ వంశమే. నెలవంకలా ఉంటుంది, పై పిండి ముట్టుకుంటే రాలిపోతుంది, లోపల ఉప్పటి చీజ్. తరవాత నిమ్మకాయ టార్ట్ ఒకటి, అది బాగుంది కానీ నా మనసంతా ఫ్రూట్ కేకు మీదే ఉంది. అర కిలో తీసుకుని, బయటకొచ్చి, మార్కెట్ మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పాను.

ముందు వాసన చూశాను. తరవాత ఒక ముక్కని వేళ్ళ మధ్య నలిపాను, పొడిగా రాలలేదు, ముద్దగా అంటుకోలేదు, చిన్న చిన్న గింజల్లా విడింది, అంటే కొవ్వు సరిగ్గా పట్టింది. కిస్‌మిస్‌లు అడుక్కి దిగిపోకుండా పై నుంచి కింద దాకా సమానంగా ఉన్నాయి. నోట్లో పెట్టుకున్నాను. చాలా మంచి కేకు, నేను తిన్న కొన్న కేకుల్లో ఇంతకంటే మంచిది గుర్తు లేదు.

కానీ అది మావయ్య కేకు కాదు.

చెల్లికి పెట్టాను, తీపి తినని మనిషి కూడా ఒక ముక్క తిని, “ఇది కాదక్కా, అది చేదుగా ఉండేది చివర్లో” అంది. చేదు! ఆ మాట నాకు 12 ఏళ్ళలో తట్టలేదు. అక్కడి నుంచే మావయ్యకి ఫోన్ చేశాను.

“నాహూమ్స్ దగ్గర నేనెప్పుడు కొన్నానే అమ్మడూ? క్రిస్మస్‌కి అక్కడ లైను చూస్తే కళ్ళు తిరుగుతాయి” అన్నాడు. “అది కొన్నదేటి కాదు. మా దగ్గర ఆంగ్లో ఇండియన్ డ్రైవరు గారు ఒకాయన ఉండేవాడు కదా, వాళ్ళావిడ పుట్టిల్లు కలకత్తా, తాల్‌తలా. డిసెంబర్‌లో ఆవిడ అక్కడికెళ్ళి కేకులు చేయించేది. నాకోటి ఇచ్చేవారు.”

“చేయించడమేటి మావయ్యా, ఇంట్లో చేసేవారు కాదా?”

“ఓవెన్ ఎవరిళ్ళలో ఉండేదే అప్పట్లో? పిండి కలుపుకుని బేకరీకి పట్టుకెళ్ళేవారు. పాపం వాళ్ళు ఎప్పుడో ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు.”

ఖరగ్‌పూర్ గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో అక్కడ వర్క్‌షాప్ పెట్టినప్పటి నుంచీ మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు చాలామంది పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిపోయారు. ఆంగ్లో ఇండియన్లూ అలాగే, డ్రైవర్లుగా, గార్డులుగా. పక్కపక్క క్వార్టర్లలో ఉండి, పండక్కి ఒకరింటి నుంచి ఒకరింటికి గిన్నెలు వెళ్ళేవి. మా అత్త అరిసెలు వాళ్ళింటికి, వాళ్ళ కేకు మా ఇంటికి. అలా తాల్‌తలా పొయ్యిలో కాలిన కేకు వైజాగ్‌లో సంక్రాంతి ముగ్గుల మధ్య కూర్చుని మేం తిన్నాం.

మూడో రోజు

ఈ రోజు టీ కోసం పెట్టుకున్నాం. పొద్దున్న డల్హౌసీ వైపు వెళ్ళి నీల్‌హాట్ హౌస్ అనే భవనాన్ని బయటి నుంచి చూశాం. జె. థామస్ కంపెనీది, టీ వేలం వేసేవాళ్ళలో మన దేశంలో అందరికంటే పాతవాళ్ళు. కలకత్తాలో మొదటి టీ వేలం 1861 డిసెంబర్ 27న జరిగింది. నీల్ అంటే నీలిమందు, హాట్ అంటే సంత, టీ రాకముందు వీళ్ళు అమ్మింది నీలిమందు, ఆ పేరు అలాగే ఉండిపోయింది. మన ఇళ్ళలో మరిగే అస్సాం పొడిలో ఎంతో భాగం ఈ ఊరి వేలాల నుంచే దేశమంతా వెళ్ళింది. మనం తాగేది గుండ్రటి చిన్న గుళికల్లా ఉండే సీటీసీ, ఆకుని యంత్రంలో నలిపి, చింపి, చుట్టి చేసేది, పాలు పోసినా నీరసపడదు. డార్జిలింగ్ ఆకుని అలా చెయ్యరు, అది పాలకి తట్టుకోదు.

ఆ తేడా ఢాకూరియాలో, దక్షిణాపణ్ బజార్లో ఉన్న డాలీస్ అనే చిన్న టీ కొట్లో బాగా తెలిసింది. డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్ అడిగాను, అంటే మే, జూన్లలో కోసిన ఆకు. చలికాలంలో అక్కడ తోటలు నిద్రపోతాయి, కోత ఉండదు, ఫిబ్రవరి చివరో మార్చిలోనో మళ్ళీ చిగురు వస్తుంది, కాబట్టి జనవరిలో ఎవరైనా తాజా ఫస్ట్ ఫ్లష్ అని అమ్మితే నమ్మకండి. కప్పులో రంగు రాగి చెంబు తోమినట్టు. పంచదార లేకుండానే వెనకాల ఎక్కడో ద్రాక్షపండు తీపి. చెల్లి కళ్ళు మూసుకుని తాగింది, తరవాత అరగంట మాట్లాడలేదు, ఆమె విషయంలో అది పెద్ద మెచ్చుకోలే.

మధ్యాహ్నం మాత్రం దెబ్బ తిన్నాం. పేరు రాయను, కొత్తగా పెట్టిన అందమైన కేఫ్. కేకు ముక్క, టీ కలిపి మా లాడ్జి అద్దెలో సగం. కేకు మీద క్రీమ్ పాలది కాదు, నాలుక మీద కరగకుండా అంగిటికి జిడ్డులా అంటుకునే రకం, మన ఊళ్ళలో కూడా అన్ని బేకరీల్లోకీ వచ్చేసింది. టీ అంటే గోరువెచ్చటి నీళ్ళలో సంచీ ఒకటి. డబ్బు పోయినందుకు కాదు నా బాధ, ఇంత చెయ్యి తిరిగిన పనివాళ్ళున్న ఊళ్ళో ఉండి కూడా అలా పెట్టినందుకు. బయటకొచ్చి 10 రూపాయల భాఁడ్ టీ తాగాకగానీ కోపం తగ్గలేదు.

నాలుగో రోజు

రైలు మధ్యాహ్నం మూడు దాటాక. పొద్దున్నే లాడ్జి నుంచి నడిచి నవాబ్ అబ్దుర్ రెహమాన్ స్ట్రీట్‌లో సల్దానా బేకరీకి వెళ్ళాం. గోవా నుంచి వచ్చిన కుటుంబం, 1930 నుంచి నడుపుతున్నారు, ఆడవాళ్ళ చేతుల్లోనే తరవాతి తరాలకి వచ్చింది. బోర్డు చూసి వచ్చే కొట్టు కాదు, ఇంటికి వచ్చినట్టు ఉంటుంది. వాల్‌నట్ కేకు తీసుకున్నాను, మావయ్య కోసం. కొబ్బరి మాకరూన్లు కూడా, అవి రైలెక్కేదాకా మిగల్లేదు.

అక్కడి నుంచి తాల్‌తలా సందులు దగ్గరే. అడుగుతూ అడుగుతూ వెళ్తే ఒక పాత బేకరీ దొరికింది. ముందు గదిలో బ్రెడ్లు, వెనక చీకటి గదిలో ఇటుకల పొయ్యి, కట్టెలతో కాల్చేది. గుమ్మం దగ్గర నిలబడితేనే మొహానికి వేడి కొట్టింది. పొయ్యి నోరు చిన్నది, లోపల గుహలా వెడల్పు. ఒకతను నిలువెత్తు కర్ర చివర చెక్క పలకతో బ్రెడ్ అచ్చుల్ని లోపలికి తోస్తున్నాడు, ఏ అచ్చు ఏ మూలకి వెళ్ళాలో చూడకుండానే. థర్మామీటరు లేదు. గుప్పెడు మైదా లోపలికి విసిరి, అది ఎంతసేపట్లో ఎర్రబడుతుందో చూసి చెప్తాడట.

నాకొచ్చిన హిందీలో అడిగాను, క్రిస్మస్‌కి జనం సామాన్లు తెచ్చుకుంటారా అని. ఆయన మొహం వెలిగిపోయింది. ఇప్పటికీ తెస్తారు, ముందు కంటే తగ్గారు, డిసెంబర్ చివరి పది రోజులు నిద్ర ఉండదు అన్నాడు. మైదా, వెన్న, గుడ్లు, నానబెట్టిన పళ్ళు ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటారు, కలిపేవాళ్ళు ఇక్కడ ఉంటారు, ఇంటావిడ పక్కనే నిలబడి తన గిన్నె మీద నుంచి చూపు తియ్యదు, కేకు అచ్చుల మీద కాగితం ముక్కల మీద పేర్లు. బ్రెడ్లన్నీ అయ్యాక, పొయ్యి చల్లారుతూ ఉన్నప్పుడు కేకుల్ని పెడతారు, ఆ తగ్గుతున్న వేడిలో గంటల తరబడి కాలుతాయి.

తగ్గుతున్న వేడి. నేను 12 ఏళ్ళుగా ఎలక్ట్రిక్ ఓవెన్‌లో ఒకే వేడి మీద కాలుస్తున్నాను. అక్కడే నిలబడి ఫోన్‌లో రాసుకున్నాను: మొదట 170 డిగ్రీలు, అరగంటకి 150, తరవాత 130, చివర స్విచ్ ఆపేసి లోపలే వదిలెయ్యాలి.

కోరమాండల్ ఖరగ్‌పూర్‌లో అయిదు నిమిషాలు ఆగుతుంది. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైన ప్లాట్‌ఫారం అక్కడిది, 1072 మీటర్లు, మావయ్యకి 78 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, అందుకని కోచ్ ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కుని ఆయన కొడుకుతో బెంచీ మీద కూర్చోమన్నాను. రైలు ఆగేసరికి ఆయన లేచి నిలబడే ఉన్నాడు, కోటు, మఫ్లరు, చేతిలో పూరీల పొట్లం మాకోసం. కాళ్ళకి దండం పెట్టి కేకు డబ్బా ఇచ్చాను. ఇంటికెళ్ళి తినమంటే వినలేదు, అక్కడే విప్పాడు. వాల్‌నట్ కేకు ఒక ముక్క, దాచి తెచ్చిన నాహూమ్స్ ముక్క ఒకటి. నెమ్మదిగా నమిలాడు.

“బాగుందే. ఆవిడ మరి కిస్‌మిస్‌లు దీపావళికే నానబెట్టేసేది” అన్నాడు.

“చివర్లో చేదుగా ఉండేదని చెల్లి అంటోంది మావయ్యా, అదేటి?”

“చేదా?” అని ఆలోచిస్తూనే ఉన్నాడు. కూత వేసింది. మేం ఎక్కేశాం. రైలు కదిలింది, ఆయన కొడుకు చెయ్యి పట్టుకుని రెండడుగులు వేశాడు, అంతలో ఒక్కసారి మొహం మారింది.

“నారింజ తొక్కే! వంటింటి కిటికీలో దారానికి గుచ్చి ఎండబెట్టేది, తెల్ల పొర తియ్యకుండా!”

ఇంకేదో కూడా అన్నాడు, ఆ చప్పుడులో వినపడలేదు. చెల్లి పూరీల పొట్లం విప్పుతోంది. నేను కేకు బిల్లు వెనక రాసుకున్నాను: నారింజ తొక్క, తెల్ల పొరతో.